ఎమ్మెస్సెం బండి వచ్చిన దారి

మా చిన్నతనంలో మన మార్కాపురం, కంభం, గిద్దలూరు ఇళ్లల్లో పెద్దవాళ్లు మన లైను మీది రైలును "ఎమ్మెస్సెం బండి" అనేవారు. ఆ కంపెనీ పోయి చాలా ఏళ్లయిందని, బోర్డుల మీద వేరే పేరుందని మేము చెప్పినా వినేవారు కారు. ఆ పేరు ఎక్కడిది, దానికి ముందు ఏముండేది, తర్వాత ఏమైంది అన్నది మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

ఈ లైను పుట్టింది కరువులో నుంచి. పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876–78 నాటి కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. మన మార్కాపురం, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా అట్లాగే ఉన్నాయి. కృష్ణా డెల్టాలో పండిన గింజలు ఇక్కడికి రావాలంటే ఎడ్లబండ్లే గతి. ఎడ్లకే మేత లేని రోజుల్లో బండి ఎట్లా కదులుతుంది? కరువు మీద విచారించిన కమిషన్ 1880లో, ఇటువంటి మెట్ట ప్రాంతాలకు రైలుమార్గాలు వేయాలని గట్టిగా చెప్పింది. అట్లా వేసిన వాటిలో ఒకటి మనది. దాని అసలు పేరు బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే.

పట్టాలు సర్కారువి, బండ్లు నడిపేది మాత్రం కంపెనీ. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ధార్వాడలో ఆఫీసు పెట్టుకుని ఈ లైనును నడిపింది. 1890 నాటికి గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, దొనకొండ, గుంటూరు మీదుగా బెజవాడకు దారి కలిసింది. అటు పడమర గోవాలోని మార్ముగోవా రేవు దాకా పట్టాలున్నాయి. అంతా మీటరు గేజి. అన్నిటికన్నా కష్టమైన పని నల్లమలలో జరిగింది. నంద్యాలకు, గిద్దలూరుకు నడుమ కొండను తొలిచి బొగద వేశారు. దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన స్తంభాలు లేపి వంతెన కట్టారు. బండి ఆ వంతెన మీదికి రాగానే ఆడవాళ్లు పిల్లల్ని కిటికీల దగ్గర్నుంచి లోపలికి లాక్కునేవారు. మేమూ అట్లా లాగించుకున్నవాళ్లమే!

ఇక పేర్ల సంగతి. నడిపే కంపెనీ పేరే జనం నోట పడి, బళ్లారి–కృష్ణా అన్న పేరు కాగితాల్లోనే మిగిలింది. 1908లో సదరన్ మరాఠా, మద్రాసు రైల్వే ఒకటై మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. అదే మన ఎమ్మెస్సెం. 1944లో సర్కారు దాన్ని స్వాధీనం చేసుకుంది. 1951 ఏప్రిల్ 14న సౌత్ ఇండియన్, మైసూరు రైల్వేలతో కలిపి దక్షిణ రైల్వే చేశారు. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. మన లైను అందులో చేరింది. 2003లో గుంటూరు డివిజను వచ్చింది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోనులో ఆ డివిజనునూ కలపాలని నిర్ణయించారు. ఇన్ని కాపురాలు మారినా గాంగుమను భుజాన సుత్తి అదే, కీమాను నడిచే దూరమూ అదే.

మా ఉద్దేశంలో మన బతుకుల్ని మార్చింది ఈ పేర్లు కాదు, పట్టాల వెడల్పు. మీటరు గేజి ఉన్నన్నాళ్లు మార్కాపురం పలకలైనా, మరే సరుకైనా పెద్ద గేజి దారిలో పోవాలంటే జంక్షనులో ఒక వ్యాగను నుంచి దించి ఇంకోదానికి ఎక్కించాల్సిందే. ఓడ మీద హజ్ యాత్రకు పోయే మనవాళ్లు సైతం గుంతకల్లులో దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని బొంబాయి బండికి మారేవారు. సాగనంపడానికి గుంతకల్లు దాకా సగం వీధి పోయేది.

1990లలో బ్రాడ్ గేజి వచ్చింది. ఈ అవస్థ తప్పింది, మంచిదే. కానీ నల్లమలలో కొత్త దారి వేయడంతో దొరబావి వంతెన పని ముగిసింది. దొనకొండ సంగతి చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. బొగ్గింజన్ల కాలంలో అక్కడ లోకో షెడ్డు, రైల్వే క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, రాత్రీపగలూ సందడి. ఇంజను మారే అవసరం పోయాక షెడ్డూ పోయింది. ఖలాసీలు, ఫైర్‌మన్‌లు బదిలీ మీద తలోదిక్కుకు వెళ్లారు. ఏ రైల్వే ఏ రైల్వేలో కలిసినా ఆ ఊరికి తగిలినంత దెబ్బ కాదు. ఇంజను ఆగనప్పుడే అసలు దెబ్బ తగిలింది.

మార్కాపురం స్టేషనుకు "రోడ్" అన్న తోక మాత్రం ఇంకా ఉంది. ఊరికి ఎడంగా, ఊరికి పోయే దారిలో ఉన్న స్టేషనుకు ఆ రోజుల్లో అట్లా పేరు పెట్టేవారు. జట్కా దిగి "ఊరెక్కడ?" అని అడిగే కాలం పోయినా బోర్డు మారలేదు.

రైల్వేలో పనిచేసిన మన పెద్దల సర్వీసు పుస్తకాలు, పాసులు, ఎం.ఎస్.ఎం. అక్షరాలున్న ఇత్తడి బిళ్లలు కొన్ని ఇళ్లల్లో పాత ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. పాత సామాన్లవాడికి వేయకండి. ఒకసారి సొసైటీ ఆఫీసుకు తెచ్చి చూపిస్తే కాగితాలకు నకళ్లు, బిళ్లలకు ఫోటోలు తీసుకుని, వెంటనే తిరిగి ఇచ్చేస్తాము.