ఆన్‌లైన్ పోకర్‌లో పందెపు స్థాయిలు

పోకర్ పేకాటలలో ఒక రకం. ఇంటర్నెట్ ద్వారా డబ్బు పణంగా పెట్టి ఆడే పోకర్‌లో ఆటలు పందెపు మొత్తాన్ని బట్టి స్థాయిలుగా విభజింపబడి ఉంటాయి. కొన్ని సెంట్ల పందెంతో మొదలయ్యే ఈ స్థాయిలు ఒకప్పుడు ఒక్క పంపకంలో లక్షల డాలర్లు చేతులు మారేంత వరకు సాగాయి. పై స్థాయికి వెళ్ళిన ఆటగానికి ముక్కలు మారవు, నియమాలు మారవు, ఎదుట కూర్చున్నవారు మాత్రం మారతారు. పై స్థాయిలో ప్రతి ఒక్కరూ కింది స్థాయివారి కంటే కొంచెం బాగా ఆడతారని సాధారణంగా భావిస్తారు. ఇది కొంతవరకే నిజం. స్థాయి పెరిగేకొద్దీ ముఖ్యంగా తగ్గేది బలహీనంగా ఆడేవారి సంఖ్య. ఒకే నైపుణ్యం గల ఆటగాడు ఒకచోట లాభపడి, దాని పై స్థాయిలోనే నష్టపోవడానికి ఇదే ముఖ్య కారణం.

ఈ వ్యాసం అన్నిటికంటే ఎక్కువ ప్రచారంలో ఉన్న నో-లిమిట్ టెక్సాస్ హోల్డెమ్ నగదు ఆటను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడింది.

స్థాయిలను పిలిచే తీరు

హోల్డెమ్‌లో ప్రతి ఆటగానికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. తరువాత ఐదు ముక్కలు అందరికీ కనబడేలా మధ్యలో పరుస్తారు. ఈ ఏడింటిలో ఉత్తమమైన ఐదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారు గెలుస్తారు, లేదా మిగిలినవారందరూ ముక్కలు పడేస్తే చివరికి మిగిలినవారు గెలుస్తారు. ఆట మొదలు కావడానికి ఇద్దరు ఆటగాళ్ళు తమ ముక్కలు చూడకముందే కొంత సొమ్ము వేయాలి. వీటిని చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు అంటారు. 

స్థాయి పేరు ఈ బ్లైండుల మీదే ఆధారపడుతుంది. చిన్న బ్లైండు 1 సెంటు, పెద్ద బ్లైండు 2 సెంట్లు అయితే, అక్కడ కూర్చోవడానికి సాధారణంగా తెచ్చుకునే సొమ్ము 100 పెద్ద బ్లైండులు, అనగా 2 డాలర్లు. అందుచేత ఆ ఆటను ఎన్ఎల్2 అంటారు. ఇదే పద్ధతిలో ఎన్ఎల్10, ఎన్ఎల్50, ఎన్ఎల్200 వంటి పేర్లు ఏర్పడ్డాయి. లాభనష్టాలను కూడా డాలర్లలో కాక, 100 పంపకాలకు ఎన్ని పెద్ద బ్లైండులు అని లెక్కిస్తారు. వేర్వేరు స్థాయిలలోని ఫలితాలను పోల్చడానికి ఈ కొలత ఉపయోగపడుతుంది.

దిగువ స్థాయిలు

సెంట్లలో ఆడే ఆటలలో ఎక్కువమంది వినోదం కోసం వచ్చినవారే. వీరిలో కనిపించే ప్రధాన లోపం ముక్కలు పడేయలేకపోవడం. రెండు ముక్కలలో ఒక ఆసు ఉంటే చాలు, రెండవది ఏదైనా సరే ఆటలో ఉంటారు. రెండూ ఒకే రంగు అయితే, ఇస్పేటు ఐదు, ఇస్పేటు రెండు అయినా సరే వదలరు. ఎదుటివారు పందెం వేస్తే దానికి సమానంగా సొమ్ము వేసి కొనసాగుతారే గాని, తాముగా పందెం పెంచడం అరుదు. రమ్మీలో చెత్త ముక్కలు వచ్చినప్పుడు మొదటే డ్రాప్ చేయడానికి మనసొప్పక చివరిదాకా ఆడి పూర్తి పాయింట్లు చెల్లించేవారిని చూసినవారికి ఈ ధోరణి సులువుగానే అర్థమవుతుంది.

ఇటువంటివారి మీద మోసపు పందెం, అనగా బ్లఫ్, పనిచేయదు. ఎదుటివాని దగ్గర పెద్ద ముక్కలు ఉండవచ్చునన్న ఆలోచన వచ్చినవాడే భయపడి పడేస్తాడు. తన ముక్కలు తప్ప వేరేవి పట్టించుకోనివాడు భయపడడు. కాబట్టి ఇక్కడ గెలిచే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. మంచి ముక్కలు వచ్చేవరకు ఓపిక పట్టి, వచ్చినప్పుడు పెద్ద పందెం వేయడమే. ఈ పద్ధతికి అలవాటు పడినవారు పై స్థాయిలో మొదట తడబడతారు. వీరు పందెం వేయగానే అక్కడివారు ముక్కలు పడేసి వెళ్ళిపోతారు!

అయితే దిగువ స్థాయిలో సైతం ముక్కల కంటే స్థానం, ప్రత్యర్థుల ప్రవర్తన ముఖ్యమని చూపిన ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. నార్వేకు చెందిన అన్నెట్ ఓబ్రెస్టాడ్ 2007లో 4 డాలర్ల ప్రవేశ రుసుముతో 180 మంది ఆడిన ఒక ఆన్‌లైన్ పోటీలో తన ముక్కలను ఒకే ఒక్కసారి చూసి, మిగిలిన ఆటంతా చూడకుండానే ఆడి గెలిచింది. ఆమె అదే సంవత్సరం లండన్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్ ప్రధాన పోటీని 18 ఏళ్ళ వయసులో గెలుచుకున్నది. ఇది నగదు ఆట కాదు, పోటీ, పైగా ఒక్క ఫలితం మాత్రమే. కనుక దీనిని నిరూపణగా గాక ఉదాహరణగానే తీసుకోవాలి.

మధ్య స్థాయిలు

ఎన్ఎల్50, ఎన్ఎల్100, ఎన్ఎల్200 ప్రాంతంలో ఆటగాళ్ళలో ఒక కొత్త వర్గం ప్రాధాన్యం వహిస్తుంది. వీరిని రెగ్యులర్లు అంటారు. వీరు రోజూ అనేక టేబుళ్ళ మీద ఒకేసారి ఆడుతూ, తక్కువ ముక్కలతోనే ఆటలోకి వచ్చి, వచ్చినప్పుడు దూకుడుగా పందెం పెంచుతారు. ఎవరు ముందు, ఎవరు చివర ఆడాలన్న వరుసను బట్టి ముక్కల ఎంపిక మార్చుకుంటారు. ఒకరు పెంచిన పందేన్ని మరల పెంచడం దిగువ స్థాయిలో దాదాపు ఎప్పుడూ ఆసుల జంటకో, రాజుల జంటకో సూచన. ఇక్కడ మాత్రం అది ముక్కలు బాగా లేకపోయినా జరుగుతుంది.

వీరికి సాఫ్ట్‌వేర్ సహాయం కూడా ఉంటుంది. పోకర్ ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ వంటి ప్రోగ్రాములు ఆడిన ప్రతి పంపకాన్ని నమోదు చేసి, ప్రత్యర్థి నూటికి ఎన్నిసార్లు స్వచ్ఛందంగా సొమ్ము వేస్తాడు, ఎన్నిసార్లు పెంచుతాడు అన్న అంకెలను తెర మీద అతని పేరు పక్కనే చూపిస్తాయి. వీటిని అనుమతించని, లేదా ఆటగాళ్ళ పేర్లే చూపని సైట్లు కూడా ఉన్నాయి. అక్కడ రెగ్యులర్ల ఆధిక్యం కొంత తగ్గుతుంది. అందువలన రెండు సైట్లలో ఒకే పేరుగల స్థాయి ఉన్నంత మాత్రాన రెండింటి కష్టం ఒకటే అనుకోరాదు.

పై స్థాయిలు

చాలా పెద్ద పందేలలో ఆటగాళ్ళ సమూహం బహు చిన్నది. అందరూ అందరికీ తెలుసు. ఇక్కడ ప్రత్యర్థి సాధారణంగా ఎలా ఆడతాడన్నదే గాక, తన గురించి అతను ఏమనుకుంటున్నాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే పరిస్థితిలో బలమైన ముక్కలతోను, బలహీనమైన ముక్కలతోను ఒకే విధంగా ఆడి, ఎదుటివానికి ఆచూకీ దొరకకుండా చేయడం ఈ స్థాయి ఆటకు లక్షణం.

2009 చివరలో ఫుల్ టిల్ట్ పోకర్ సైటులో ఇసిల్డూర్1 అనే పేరుతో ఒక అజ్ఞాత ఆటగాడు 500, 1000 డాలర్ల బ్లైండులతో అప్పటి అగ్రశ్రేణి ఆటగాళ్ళందరినీ ఎదుర్కొన్నాడు. అతడు స్వీడన్‌కు చెందిన విక్టర్ బ్లోమ్ అని 2011లో అధికారికంగా వెల్లడయింది. 2009 నవంబరులో పాట్రిక్ ఆంటోనియస్‌తో ఆడిన ఒక్క పంపకంలో 13.5 లక్షల డాలర్లకు పైగా సొమ్ము పోగయింది. ఆ సొమ్ము ఆంటోనియస్‌కు దక్కింది. డిసెంబరు 8న బ్రయాన్ హేస్టింగ్స్ చేతిలో బ్లోమ్ సుమారు 42 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. తాను, బ్రయాన్ టౌన్సెండ్, కోల్ సౌత్ కలిసి బ్లోమ్ ఆడిన పంపకాల నమోదులను ముందుగా అధ్యయనం చేసినట్లు హేస్టింగ్స్ తరువాత చెప్పాడు. ఇది సైటు నిబంధనలకు విరుద్ధమన్న వివాదం చెలరేగి, టౌన్సెండ్‌కు సైటు ఇచ్చిన ప్రత్యేక హోదాను నెల రోజులు నిలిపివేశారు. దిగువ స్థాయిలో ఒక ఆటగాని లోపాలను ఎవరూ ఇంత శ్రమపడి వెతకరు. పైకి పోయినకొద్దీ చిన్న లోపానికి చెల్లించే మూల్యం పెరగడానికి ఇది ఒక కారణం.

లాభం ఎవరి నుండి వస్తుంది

పోకర్‌లో ఒకరు గెలిచిన సొమ్ము మరొకరు పోగొట్టుకున్నదే. పైగా ప్రతి పాట్ నుండి నిర్వాహకులు రేక్ అనే రుసుము తీసుకుంటారు. కనుక ఒక టేబుల్ వద్ద ఉన్నవారందరి లాభనష్టాలు కూడితే ఎప్పుడూ రుసుమంత నష్టమే తేలుతుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఆరుగురు ఆడే టేబుల్ వద్ద 100 పంపకాలకు మొత్తం రుసుము 25 పెద్ద బ్లైండులు అనుకుందాం. బలహీనుడైన ఒక్కొక్క ఆటగాడు 100 పంపకాలకు 40 బ్లైండులు పోగొట్టుకుంటాడు, మిగిలినవారందరూ సమాన నైపుణ్యం కలవారు అనుకుందాం. ఇద్దరు బలహీనులు ఉంటే వారు పోగొట్టిన 80లో రుసుము పోగా 55 మిగులుతుంది. మిగిలిన నలుగురికి తలకు 13కు పైగా వస్తుంది. ఒక్కరే ఉంటే 15 మిగిలి, ఐదుగురికి తలకు 3 వస్తుంది. ఎవరూ లేకపోతే ఆరుగురూ తలకు 4 బ్లైండులకు పైగా నష్టపోతారు. ఈ మూడు సందర్భాలలోనూ బాగా ఆడేవారి నైపుణ్యంలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

బలహీనుడు కూర్చున్న టేబుల్‌కు వేచి ఉండేవారి జాబితా పెరగడం, అతను లేచిపోగానే మిగిలినవారు కూడా ఒక్కొక్కరుగా లేచిపోవడం పై స్థాయిలలో తరచు కనబడుతుంది. టేబుల్ ఎంపిక కూడా నైపుణ్యంలో భాగమేనని అనుభవజ్ఞులు భావిస్తారు.

రుసుము ప్రభావం

ప్రత్యర్థులు కఠినమవుతుండగా, రుసుము భారం మాత్రం తగ్గుతుంది. రుసుము సాధారణంగా పాట్‌లో కొంత శాతం, దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఉదాహరణకు 5 శాతం, గరిష్ఠం 3 డాలర్లు అనుకుంటే, పెద్ద బ్లైండు 1 డాలరు ఉన్నచోట ఆ పరిమితి 3 బ్లైండులకు సమానం, 10 డాలర్లు ఉన్నచోట బ్లైండులో మూడవ వంతు కూడా కాదు. అందుచేత కింది స్థాయిలలో ప్రత్యర్థుల మీద గెలుస్తూ కూడా రుసుము వల్ల నష్టపోయేవారు ఉంటారు.

స్వల్పకాలపు ఫలితాలు

స్థాయి మారే నిర్ణయంలో పెద్ద చిక్కు ఇదే. తాను నిజంగా గెలుస్తున్నాడా లేదా అన్నది ఆటగానికి త్వరగా తెలియదు. ఆరుగురు ఆడే నో-లిమిట్ ఆటలో 100 పంపకాల ఫలితానికి ప్రామాణిక విచలనం 90 పెద్ద బ్లైండులు అనుకుందాం. ఇది సాధారణంగా కనిపించే పరిధిలోనిదే. 10,000 పంపకాలు ఆడినప్పుడు సగటులోని ప్రామాణిక దోషం 90ని 100 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 9. అనగా దీర్ఘకాలంలో లాభమూ నష్టమూ లేని ఆటగాడు కూడా ఈ 10,000 పంపకాలలో 100కు 5 బ్లైండులో, అంతకు మించో లాభం చూపే అవకాశం సుమారు 29 శాతం. లక్ష పంపకాలు ఆడినా దోషం దాదాపు 3 దగ్గరే ఉంటుంది. కొద్ది వారాల అదృష్టాన్ని నైపుణ్యమని భ్రమించి పై స్థాయికి పోయినవాడు అక్కడ తన ఆట కంటే మెరుగైన ఆటను, తాను భరించలేని పందెంతో, ఒకేసారి ఎదుర్కొంటాడు. నష్టాన్ని రాబట్టుకోవడానికి ఇంకా పై స్థాయికి పోవడం మరింత ప్రమాదకరం. ఈ దశలో ఆట వ్యసనంగా మారి అప్పులపాలు కావడం అరుదు కాదు.

దీనికి విరుగుడుగా నిధి నిర్వహణ నియమాలు ఏర్పడ్డాయి. అమెరికన్ ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ 2006లో ఒక్క డాలరు కూడా పెట్టుబడి లేకుండా ఉచిత పోటీలతో మొదలుపెట్టి 10,000 డాలర్లకు చేరే ప్రయత్నం చేసి 2007లో సాధించాడు. మొదటి దశలోని అతి చిన్న ఆటలను మినహాయిస్తే, తన మొత్తం నిధిలో 5 శాతానికి మించి ఏ నగదు ఆటలోకీ తీసుకుపోరాదన్నది అతని నియమాలలో ఒకటి. నిధి తగ్గితే స్థాయి కూడా తగ్గవలసిందే. కిందికి దిగడం చాలామందికి పైకి ఎక్కడం కంటే కష్టమైన పని.

కాలానుగుణ మార్పులు

డబ్బుతో ఆడే మొదటి ఆన్‌లైన్ పోకర్ సైటు ప్లానెట్ పోకర్ 1998లో మొదలయింది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ఒక చిన్న ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీకి చేరి 25 లక్షల డాలర్లు గెలవడంతో కొత్తవారు వెల్లువలా వచ్చారు. 2006లో అమెరికా ఆన్‌లైన్ జూదపు చెల్లింపులను నిరోధిస్తూ చట్టం చేసింది. 2011 ఏప్రిల్ 15న మూడు పెద్ద సైట్ల నిర్వాహకులపై అభియోగాలు మోపింది. వినోదానికి ఆడేవారు తగ్గగా, నిలిచినవారిలో నిపుణుల పాలు పెరిగింది.

2015 తరువాత సాల్వర్లు అనే ప్రోగ్రాములు వ్యాప్తిలోకి వచ్చి, ఒకప్పుడు అగ్రశ్రేణికే పరిమితమైన జ్ఞానం మధ్య స్థాయిలకు దిగింది. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు లిబ్రాటస్ ప్రోగ్రాము నలుగురు నిపుణులను 1,20,000 పంపకాలలో ఓడించింది. 2005 నాటి ఎన్ఎల్200 ఆటను నేటి ఎన్ఎల్200తో పోల్చడం అందుచేత సమంజసం కాదు.

భారతదేశంలో

నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్నకు భారతదేశంలో చట్టపరమైన ప్రాధాన్యం ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1967లో సుప్రీం కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద ఆధారపడినదని పేర్కొన్నది. పోకర్ ఆ తీర్పులో చర్చకు రాలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి, డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధ పరిధిలోకి తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆట నైపుణ్యానిదైనా, అదృష్టానిదైనా తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.