పాలెములలో పానవిసర్జనము

2022వ సంవత్సరము మార్చి నెలలో జంగారెడ్డిగూడెమున కొలఁది దినములలోనే పలువురు మరణించిరి. నాటుసారాయే కారణమని కొందఱును, అవి సహజమరణములని ప్రభుత్వమువారును వాదించిరి. ఆ వివాదమును తీర్చుట మా పని కాదు. కాని ఆ వార్త తలఁపునకు వచ్చినపుడెల్ల, ఈ గోదావరీ ప్రాంతపు పాలెములలోనే చదువును ధనమును లేని జనులు పలువురు కల్లుకుండను తామై విడిచిన పూర్వవృత్తాంతము మాకు స్ఫురించుచుండును.

క్రైస్తవబోధకులైన బౌడెను, బీరు దొరలు 1836లో ఇంగ్లండునుండి బయలుదేఱి నరసాపుర ప్రాంతమునకు వచ్చిరి. పిదప 1847లో ధవళేశ్వరమున ఆనకట్టపని మొదలుకాఁగా, అచట చేరిన వేలకొలఁది కూలీలకు బౌడెనుగారు సువార్త బోధించిరి. చర్చి మిషనరీ సంఘమువారు 1854లో ఏలూరున పని ప్రారంభించిరి. వీరి మాట వినినవారిలో అధికసంఖ్యాకులు మాలమాదిగలు.

పాలెమున త్రాగుడు ఒక్కని దురభ్యాసము కాదు. పెండ్లికిని, చావునకును, కులపంచాయతికిని కల్లు కావలయును. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టినవానికి కల్లుసారాలును, బలిమాంసములో భాగమును దక్కును. త్రాగుడు మానఁదలఁచినవాఁడు డప్పును మానవలసివచ్చును. డప్పు మానినచో ఊరిరైతులకు కోపము వచ్చును. ఇది యెఱుంగక మన సంస్కర్తలు పెక్కురు పట్టణసభలలో ఆత్మనిగ్రహమును గూర్చి యుపన్యసించి యిండ్లకు పోయిరి!

ఒంగోలున క్లౌదొరగారు మాదిగలకు విధించిన నియమములు మూఁడు: ఆదివారము పని చేయరాదు, చచ్చినగొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇందు మద్యము పేరైన లేదు. అయినను మూఁడవ నియమమును పాటించినవానికి జాతర తప్పెను. జాతరతో అచటి త్రాగుడును తప్పెను.

ఈ మర్మమును బాగుగా గ్రహించినవారు అజరయ్యగారు. తిరునల్వేలి సీమలో పుట్టిన వీరు 1912 డిసెంబరు 29వ తేదీని దోర్నకలు బిషప్పుగా అభిషిక్తులైరి. భారతీయ ఆంగ్లికను బిషప్పులలో ప్రథములు వీరే. 1920లో చర్చి మిషనరీ సంఘమువారి తెలుఁగు సంఘములును వీరి పాలనలోనికి వచ్చెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో వీరు పోరాడిరి. ఒట్టి నిషేధముతో తృప్తిపడలేదు. పాలెములోనే కాపురముండు ఉపదేశి సంజవేళ జనులను ప్రార్థనకు పిలుచును. కల్లుపాకకు పోవు వేళకు పాటయు భజనయు సిద్ధముగా నుండును. పాతజాతరలకు మాఱుగా కోఁతపండుగలును, క్రైస్తవజాతరలును వెలసెను. ఒకఁడు మానుట గాక నలుగురు కూడి మానుటవలన అది నిలిచినదని మా యభిప్రాయము.

1930 తరువాత సవర్ణ రైతుకులములవారు వేలకొలఁది బాప్తిస్మము కోరిరి. మాలమాదిగల నడవడి మాఱుటను కన్నులార చూచుటయే అందులకు హేతువని అజరయ్యగారు చెప్పిరి. గాంధీమహాత్ముఁడు మాత్రము ఈ మతాంతరములను అంగీకరింపలేదు. ఎవరి మతములో నుండియే వారు బాగుపడవలయునని వారి మతము. వారి శంకను మేము త్రోసిపుచ్చఁజాలము. కల్లు విడిచినంత సులభముగా కులము విడువఁబడలేదు. మాలలకును మాదిగలకును నడుమనున్న గోడ ప్రార్థనామందిరములోనికిని వచ్చెను. అయినను సంజవేళ కూలిడబ్బులు చెదరక యింటికి చేరిన పాలెపుటిల్లాలికి ఆ వాదములతో నిమిత్తమేమి?