ఆరు కాళ్ల ఆకలి

తల్లాడ దాటి కొత్తగూడెం దారి పడితే చేలూ చిట్టడవీ కలిసే చోట్లు ఎన్నో. వానలు పట్టిన రోజులు. గట్టు మీది ఓ తుప్ప మొదట్లో ఆడనల్లి గుడ్లు పెట్టింది. మిరపతోటను పీడించే నల్లి కాదిది, తొలకరికి కనిపించే ఆరుద్ర పురుగుకు చుట్టం. దీనికి మగదానితో జత కట్టడమంటూ లేదు. అతగాడు మట్టిలో సన్నని కాడ మీద వీర్యపు బొట్టు నిలిపి వెళ్లిపోతాడు, ఈమె దాన్ని అందుకుంటుంది.

గుడ్డు పగిలినా పిల్ల వెంటనే నడవదు. ఇంకో పొరలో కొన్నాళ్లు కదలకుండా ఉండి, ఆరు కాళ్లతో లేస్తుంది. మిల్లీమీటరులో ఐదో వంతు ఒళ్లు, జన్మకంతా ఒక్కసారే పరాన్నభోజనం. గడ్డి కొసకెక్కి ఎలుక కోసం కాచుకుంటుంది.

ఆవేళ వచ్చింది ఎలుక కాదు, కొడవలి పట్టుకున్న మనిషి. ఆమె ఒక్కరు కాదు, అడవి అంచున ఇలా జ్వరపడ్డవాళ్లందరినీ కలిపి ఈ గాథలో ఒక్కరిని చేశాం.

నల్లిపిల్ల ఆమె కాలి మీదుగా పాకి, బట్ట బిగువుగా ఉన్న నడుం దగ్గర ఆగింది. రక్తం తాగదది. లాలాజలంతో చర్మాన్ని కరిగించి, ఆ ద్రవాన్ని పీలుస్తుంది. మూడు రోజులకు కడుపు నిండి రాలిపోయింది. ఆమెకు తెలియనే లేదు.

పది రోజులకు జ్వరం, తలనొప్పి, ఎర్రబడ్డ కళ్లు. మలేరియా లేదన్నారు, డెంగీ లేదన్నారు. జ్వరమంటే దోమనే తిట్టడం మనకు అలవాటు.

"నడుం కాడ ఆ మచ్చేందమ్మా?" ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"ఏమో సారూ, నొప్పైతే లేదు."

బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు. స్క్రబ్ టైఫస్! రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులను పడగొట్టిన జ్వరమే. ఈ మచ్చ రోగులందరిలోనూ కనబడదు, ఉన్నవాళ్లలోనూ బట్టల చాటునే ఎక్కువ. బట్ట తొలగించి చూడని వైద్యం సగం వైద్యమే.

పిల్ల ఒక్కసారే తింటుంది గదా, మరి దాని నోట్లోకి ఈ జ్వరం తెచ్చే ఓరియెన్షియా సూక్ష్మజీవి ఎలా వచ్చింది? తల్లి నుంచి, గుడ్డులోనే. తరతరాలుగా ఆ వంశంలోనే నడుస్తోంది. పాపం, ఎలుక నల్లిపిల్లకు భోజనం పెట్టే ఇల్లు మాత్రమే.

రాలిన పిల్ల మట్టిలో మళ్లీ నిద్రపోయి ఎనిమిది కాళ్లతో లేచింది. ఇంకో నిద్ర తర్వాత పెద్దదైంది. ఇప్పుడు దాని తిండి పురుగుల గుడ్లు, మనిషి జోలికి రాదు.

సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుంటుంది. పెన్సిలిన్ జాతి మందులు దీని మీద పనిచేయవు. 1948లో కౌలాలంపూర్‌లో క్లోరాంఫెనికాల్‌తో తొలిసారి ఇది లొంగింది. ఇప్పుడు డాక్సీసైక్లిన్ ఇస్తున్నారు. వేళకు మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. గడ్డి పనికి పోవద్దని ఎవరంటారు? ఇంటికి రాగానే ఆ బట్టలు వేడినీళ్లలో వేసి, ఒళ్లు సబ్బుతో రుద్దుకుంటే, ఇంకా నోరు నాటని పిల్లలు చాలావరకు కొట్టుకుపోతాయి.