ఊరిపేర్ల లిప్యంతరీకరణ (తెలుగు)

ఊరిపేర్ల లిప్యంతరీకరణ అనగా ఒక లిపిలో ఉన్న ఊరి పేరును ఉచ్చారణ చెడకుండా మరొక లిపిలో రాయడము. తెలుగు ఊళ్ళ విషయంలో ఇది తరచు రెండు దశలలో జరుగుతుంది. మొదట తెలుగు పేరు ఆంగ్లాక్షరాలలోకి వెళ్తుంది, తరువాత ఆ అక్షరాల నుండి తిరిగి తెలుగులోకి వస్తుంది. పేరు చెడిపోయేది ఎక్కువగా ఈ రెండవ దశలోనే. వార్తాసంస్థల నుండి వచ్చే వార్తలు, గణాంకాల పట్టికలు, అంతర్జాల పటాలు చాలావరకు ఆంగ్లంలో తయారవుతాయి. అందువలన పత్రికలలో పనిచేసేవారికి, అంతర్జాలంలో తెలుగు రాసేవారికి ఇది నిత్యమూ ఎదురయ్యే సమస్య.

గుండుగొలను ఉదాహరణ

గుండుగొలను ఏలూరు జిల్లా, భీమడోలు మండలానికి చెందిన గ్రామము. 2022 ఏప్రిల్ 4కు ముందు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, కొల్లేరు సరస్సుకు ఉత్తరాన ఉన్నది.

ఈ పేరును ఆంగ్లంలో రాసినప్పుడు అందులోని 'డి' అక్షరాన్ని డ అని చదవవచ్చు, ద అని చదవవచ్చు. 'ఓ' అక్షరం ఒ కావచ్చు, ఓ కావచ్చు. 'ఎల్' ల లేదా ళ, చివరి 'ఎన్' న లేదా ణ. అనగా ఊరిని ఎరుగని వ్యక్తికి గాని, యంత్రానికి గాని ఈ ఒక్క పేరును 16 విధాలుగా రాసే అవకాశం ఉంది. ఉకారాలు హ్రస్వాలా దీర్ఘాలా అన్న సందేహము ఈ లెక్కలో చేరలేదు. ఈ పదహారింటిలో 'గుండుగోలను' ఒకటి. అలా రాస్తే 'కొలను' మాయమై, 'గోల' అనే మాట ద్వితీయా విభక్తితో ప్రత్యక్షమవుతుంది. చదివేవారికి నవ్వు వస్తుంది గాని, చెరువు అని అర్థమిచ్చే మాట ఆ పేరులో ఉన్నదన్న సంగతి తెలియకుండా పోతుంది.

కొలను 'గొలను' కావడానికి కారణము తెలుగు సంధి. రెండు మాటలు కలిసినప్పుడు రెండవ మాట మొదట ఉన్న క, చ, ట, త, ప అనే అక్షరాలు గ, స, డ, ద, వ లుగా మారడాన్ని గసడదవాదేశము అంటారు. ఊరిపేర్లలోనూ ఇటువంటి మార్పే కనిపిస్తుంది. శాసనాలలో నిరవద్యప్రోలుగా కనిపించే ఊరు నేటి నిడదవోలు. ఇందులో ప్రోలు (పట్టణము) అనే మాట వోలు అయింది. అయితే ఈ మార్పు అన్ని చోట్లా జరగదు. పశ్చిమ గోదావరి జిల్లాలోనిది పెనుగొండ, రాయలసీమలోనిది పెనుకొండ. రెండింటిలోనూ ఉన్నవి పెను, కొండ అనే మాటలే. వ్యాకరణము తెలుసు గదా అని ఒకదానిని రెండవదాని ప్రకారము దిద్దితే వార్త ఒక ఊరి నుండి వందల కిలోమీటర్ల దూరంలోని మరొక ఊరికి మారిపోతుంది. కనుక ఊరివారు పలికే పద్ధతే ప్రమాణము.

కొల్లేటి ప్రాంతపు పేర్లు

ఈ ప్రాంతపు పేర్లలో నీటికి సంబంధించిన మాటలు విరివిగా ఉన్నాయి. సరస్సు పేరైన కొల్లేరులోను, దానిలో కలిసే బుడమేరు, తమ్మిలేరులలోను, దాని నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులోను చివర వినిపించేది ఏరు. నది అనే అర్థంలో ఈ మాటను నిఘంటువులు ఏఱు అని బండి ఱతో చూపుతాయి. వాడుకలో ఆ అక్షరము తొలగిపోయింది. అనగా నష్టమంతా ఆంగ్లము వలననే జరిగినదని చెప్పడానికి వీలు లేదు.

భీమడోలు మండలంలోనే అగడల్లంక, చెట్టున్నపాడు అనే గ్రామాలు ఉన్నాయి. లంక అనగా నీటి మధ్యనున్న మెట్ట. చెట్టున్నపాడు పేరు దానంతట అదే అర్థము చెబుతుంది. ఆంగ్లంలోని 'టి' అక్షరాన్ని తకారంగా చదివినవారు మాత్రము ఆ ఊరిలో చెట్టుకు బదులు చెత్తను ఉంచుతారు.

పత్రికలలో

జిల్లా వార్తలకు ఈ ఇబ్బంది తక్కువ. ఈనాడు దినపత్రిక 1989లో జిల్లా అనుబంధాలను ప్రారంభించింది, ఇతర పత్రికలు ఆ దారిలో నడిచాయి. గ్రామాల వార్తలను అక్కడి విలేకరులు నేరుగా తెలుగులోనే రాయడం వలన ఊరి పేరు ఆంగ్లము గుండా ప్రయాణించవలసిన అవసరము లేకపోయింది. చిన్న గ్రామాల పేర్ల రాతకు ఈ అనుబంధాలు చేసిన మేలు కొంచెమేమీ కాదు. దూరపు ఊళ్ళ సంగతి వేరు. మహారాష్ట్రలోని ఠాణే నగరము ఆంగ్ల వార్తల ద్వారా రావడం వలన తెలుగు పత్రికలలో 'థానె' అయింది. తకారానికి కూడా 'టి', 'హెచ్' లను కలిపి రాసే దక్షిణాది అలవాటు ఈ చిక్కును మరింత పెంచుతుంది.

అంతర్జాలంలో

కంప్యూటరులో తెలుగును ఆంగ్లాక్షరాలతో రాయడానికి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్.టి.ఎస్. అనే పద్ధతి రూపొందింది. ఇందులో చిన్నబడి 'డి' ద, పెద్దబడి 'డి' డ. న, ణ లకు, ల, ళ లకు, ఒ, ఓ లకు కూడా ఇదే ఏర్పాటు. పైన చెప్పిన నాలుగు సందేహాలూ దీనితో తీరిపోతాయి. 2006లో వచ్చిన లేఖిని అనే ఉపకరణము ఈ పద్ధతినే అనుసరించి, టైపు చేసినదాన్ని యూనికోడ్ తెలుగులోకి మారుస్తుంది. 2001లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 15919 ప్రమాణము అక్షరాల కింద చుక్కలు, పైన గీతలు ఉంచి ఇదే పని చేస్తుంది. ఊరి బోర్డుల మీద, దరఖాస్తులలో మాత్రము ఈ రెండూ కనిపించవు.

ఆంగ్ల పట్టిక నుండి యాంత్రికంగా తెలుగు చేసిన పేరు ఒక చోట తప్పుగా పడితే దానినే చూసి ఇతరులు రాస్తారు. కొంతకాలానికి వెతికినప్పుడు తప్పు రూపమే ఎక్కువ చోట్ల కనబడుతుంది, సంఖ్యను బట్టి అదే సరైనదని కొత్తవారు అనుకుంటారు. విజ్ఞాన సర్వస్వాలలో సరైన పేరుతో పేజీ ఉంచి, తప్పు రూపాలను దారిమార్పు పేజీలుగా ఉంచడం దీనికి ఒక ఉపాయము. ఊరిలోని పాఠశాల గోడ మీద, పంచాయతీ కార్యాలయము బోర్డు మీద తెలుగులో ఉన్న పేరును ఛాయాచిత్రము తీసి పేజీలో చేర్చడం ఇంకొకటి.