సూదంటురాయి: పేరును, హేతువును

చిలకలూరిపేట నుండి దక్షిణముగా నల్లరేగడి చేలను, ప్రత్తి మిరప పైరులను దాటి, ఒంగోలు మీదుగా టంగుటూరు ప్రాంతమునకు పోయినచో కొణిజేడు, మర్లపాడు గ్రామముల చెంత కొండలు కానవచ్చును. వానియందలి చారల రాళ్లలో మాగ్నటైటు అను నల్లని ఇనుప ఖనిజము కలదు. ఇట్టి ఖనిజపు తునుకలలో సహజముగనే ఆకర్షణశక్తి పొందినదానికి తెలుగువారు సూదంటురాయి యని పేరిడిరి.

సూది, అంటు, రాయి: ఈ పదము కంటికి కనబడిన క్రియను మాత్రమే చెప్పుచున్నది. సంస్కృతమున అయస్కాంతమనగా ఇనుమునకు ప్రియమైనది. కుమారసంభవ ద్వితీయసర్గమున శివుని మనస్సును ఉమ యాకర్షించుటకు కాళిదాసు దీనినే యుపమానముగా గ్రహించెను. కణాదుని వైశేషిక సూత్రములలోను మణివైపు కదలునది సూదియే. ఆ కదలికకు హేతువు అదృష్టమని యచట చెప్పబడినది. నేటి తెలుగున ఈ మాటకు భాగ్యమని యర్థము. సూత్రమునందలి యర్థము కానరాని హేతువని. తెలుగు పేరు ఆ సూత్రమునుండి పుట్టినదని మేము చెప్పజాలము. ఇంటింట నుండు తేలికయైన ఇనుప వస్తువు సూదియే గనుక, ఇరువురును వేరువేరుగనే దానిని గమనించియుండవచ్చును.

ఈ పేర్లన్నియు ఇనుమునే స్మరించుచున్నవి. కాని మాగ్నటైటు కేవలము ఇనుము కాదు. మూడు పాళ్లు ఇనుప పరమాణువులు, నాలుగు పాళ్లు ఆక్సిజను పరమాణువులు గల ఆక్సైడు. దాని బరువులో ఇనుము నూటికి సుమారు 72 వంతులు. ఎఱ్ఱని హెమటైటులో 70 వంతులు. భేదము స్వల్పమే, ఆకర్షణలో భేదము మాత్రము అపారము.

ఈ చిక్కును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నెయెల్ 1948లో విడదీసెను. మాగ్నటైటునందు ఇనుప అయానులు రెండు విధములైన స్థానములలో నుండును. నడుమనున్న ఆక్సిజను మూలమున ఒక స్థానమువాని అయస్కాంత దిశ రెండవ స్థానమువానికి ఎదురుగా నిలుచును. ఇరుపక్షముల బలము సమానము కాకుండుటచే మిగిలినది వెలికి కానవచ్చును. హెమటైటునందు ఎదురెదురు బలములు దాదాపు సరిపోవును. అయస్కాంతత్వమునందలి కృషికి నెయెల్ 1970లో నోబెల్ బహుమానము పొందెను.

ఆధునిక శాస్త్రమంతయు సూత్రములందే కలదనువారితో మేము ఏకీభవింపము. పాతమాటలు నిరర్థకములనువారితోను ఏకీభవింపము. తెలుగు పదము పరిశీలనను భద్రపరచినది. కణాదుని పదము ప్రశ్నకు చోటు నిలిపినది. సమాధానము మాత్రము, ఆ రెంట పేరుకైనను లేని ఆక్సిజనును లెక్కలోనికి దెచ్చిన పిమ్మటనే లభించినది.