ఉరిమే పొగ: ఒక ఊరు, మూడు పేర్లు

తొమ్మిదో తరగతి పరీక్షలో "విక్టోరియా జలపాతాన్ని ఎవరు కనుగొన్నారు?" అని ఒక మార్కు ప్రశ్న వచ్చింది. "డేవిడ్ లివింగ్‌స్టన్, 1855" అని రాశాను. మార్కు వచ్చింది. పోయిన మే నెలలో ఆ జలపాతం ముందు తడిసి ముద్దయి నిలబడ్డాక, ఆ మార్కు నాది కాదేమో అనిపించింది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, జాంబియా రాజధాని లుసాకాలో ఒక కంపెనీలో లెక్కలు చూస్తాడు. మూడేళ్ల నుంచి అమ్మమ్మను రమ్మని పిలుస్తున్నాడు. "నేనొక్కదాన్నే విమానం ఎక్కను" అని ఆమె పట్టుబట్టింది. అందుకని తోడుగా నన్ను పంపించారు. సోలాపూర్ దాటి పుణె, ముంబై తప్ప ఎరగని నాకు అట్లా ఆఫ్రికా చూసే అదృష్టం దొరికింది.

లుసాకా నుంచి లివింగ్‌స్టన్ అనే పట్టణానికి దాదాపు 470 కిలోమీటర్లు. తెల్లవారకముందే బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక దిగాం. దారిలో ఎన్‌షిమా తిన్నాం. అది మక్క పిండితో చేసే గట్టి ముద్ద, అక్కడివాళ్ల రోజువారీ తిండి. అమ్మమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది మన మక్క గటకనే కదరా!" అన్నది. ఆ తర్వాత ఆమెకు ఆ దేశం పరాయి దేశం అనిపించలేదు.

ఊరి నుంచి పది కిలోమీటర్ల దూరంలో జలపాతం ఉంది. జాంబేజి నది అక్కడ 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు ఒక్కసారిగా పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నది నిండుగా ఉంటుంది. కిరాయికి రెయిన్‌కోట్లు తీసుకుని ఎదురుగా ఉన్న సన్నని కాలిబాట వంతెన మీదికి పోయాం. ఏమీ కనిపించలేదు! తుంపర్లు కింది నుంచి పైకి లేచి, మళ్లీ వానలాగా మా మీదే పడుతున్నాయి. చప్పుడు మాత్రం గుండెల్లో వినిపిస్తోంది. అమ్మమ్మ కండ్లు తుడుచుకుంటూ "గింత దూరం దీస్కొచ్చి పొగ జూపెడ్తున్నవా?" అని మామను అడిగింది. మామ నవ్వి "దాని పేరే అది అమ్మా" అన్నాడు.

నిజమే. ఆ జలపాతం పేరు మోసి-ఓయా-తున్యా. అంటే ఉరిమే పొగ. ఇది కోలోలో ప్రజల భాషలోని పేరు. వాళ్లు కూడా అక్కడ పుట్టి పెరిగినవాళ్లు కాదు. 19వ శతాబ్దంలో సెబెత్వానే అనే నాయకుడి వెంట దక్షిణం నుంచి వలస వచ్చి ఆ ప్రాంతాన్ని ఏలారు. 1864లో వాళ్ల రాజ్యం పోయింది కానీ, వాళ్లు పెట్టిన పేరు మాత్రం మిగిలింది. అంతకుముందు నుంచీ ఆ నది ఒడ్డున ఉంటున్న లేయా ప్రజలు దాన్ని షుంగు నాముటిటిమా అంటారు. వాళ్ల ముకుని గ్రామం ఇప్పటికీ జలపాతానికి దగ్గర్లోనే ఉంది. విక్టోరియా అనేది మూడో పేరు.

1855 నవంబర్ 16న లివింగ్‌స్టన్ ఆ జలపాతాన్ని చూశాడు. ఎట్లా చూశాడు? కోలోలో రాజు సెకెలెటు అతనికి వంద మందికి పైగా మనుషులను, దారి ఖర్చులకు ఏనుగు దంతాలను ఇచ్చాడు. నది తెలిసినవాళ్లు అతన్ని చిన్న పడవలో కూర్చోబెట్టి, సరిగ్గా జలపాతం అంచున ఉన్న దీవి మీదికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి అతను లోయలోకి తొంగి చూసి, తన రాణి పేరు పెట్టాడు. పడవ నడిపినవాడికి దారి ముందే తెలుసు. మరి "కనుగొన్నది" ఎవరు?

ఊరి చరిత్ర కూడా ఇట్లాంటిదే. 1890ల చివర్లో యూరప్ వ్యాపారులు జలపాతానికి ఎగువన, నది దాటే రేవు దగ్గర గుడిసెలు వేసుకున్నారు. ఆ చోటును ఓల్డ్ డ్రిఫ్ట్ అంటారు. అక్కడ చాలామంది మలేరియాతో చచ్చిపోయారు. వాళ్ల సమాధులు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. రైలు వచ్చాక ఊరిని మెరక నేల మీదికి మార్చి లివింగ్‌స్టన్ అని పేరు పెట్టారు. 1911 నుంచి 1935 వరకు ఇదే ఉత్తర రొడీషియాకు రాజధాని. తర్వాత రాజధాని లుసాకాకు మారింది.

రెండో రోజు పెద్ద వంతెన చూశాం. జాంబియాకూ జింబాబ్వేకూ మధ్య సరిహద్దు అదే. చెక్‌పోస్టులో ఒక చీటీ తీసుకుని నడిచిపోవచ్చు. వంతెన పొడవు 198 మీటర్లు, నీటి మీద ఎత్తు 128 మీటర్లు. ఇనుప భాగాలను ఇంగ్లండులోని డార్లింగ్‌టన్‌లో తయారు చేసి, ఓడలో బైరా రేవుకు, అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి తెచ్చారు. 1905 సెప్టెంబర్ 12న దాన్ని ప్రారంభించినవాడు, జీవపరిణామం గురించి మనం చదువుకునే చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్. రైలు పోతుంటే జలపాతం తుంపర్లు పెట్టెల మీద పడాలని కోరింది సెసిల్ రోడ్స్. ఆయన మాత్రం జలపాతాన్ని చూడకుండానే 1902లో చనిపోయాడు.

ఈ వంతెన మీద 1975 ఆగస్టులో ఒక వింత జరిగింది. అప్పుడు అవతలి ఒడ్డున తెల్లవాళ్ల మైనారిటీ ప్రభుత్వం ఉండేది. నల్లవాళ్ల నాయకులతో చర్చలు జరపాలి, కానీ ఎవరి గడ్డ మీద? చివరికి వంతెన మధ్యలో ఒక రైలు పెట్టె ఆపి, సరిహద్దు గీత పెట్టె నడుమకు వచ్చేటట్లు చేసి మాట్లాడుకున్నారు. చర్చలు ఫలించలేదు. జింబాబ్వేకు 1980లో గానీ స్వాతంత్ర్యం రాలేదు. ఇప్పుడు అదే వంతెన మీది నుంచి జనం కాళ్లకు తాడు కట్టుకుని 111 మీటర్లు కిందికి దూకుతున్నారు. ఒక అమ్మాయి దూకినప్పుడు అమ్మమ్మ "అయ్యో బిడ్డా!" అని కేక పెట్టింది. ఆ పిల్ల నవ్వుకుంటూ పైకొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

అసలు నా ప్రశ్న మ్యూజియంలో మొదలైంది. 1934లో మొదలైన ఆ మ్యూజియంలో లివింగ్‌స్టన్ ఉత్తరాలు, వస్తువులు ఉన్నాయి. 1921లో కాబ్వేలో దొరికిన ఆదిమానవుడి పుర్రె నమూనా కూడా ఉంది. నమూనా ఎందుకంటే, అసలుది లండన్‌లో ఉంది. తిరిగి ఇవ్వండని జాంబియా అడుగుతూనే ఉంది. 1964 అక్టోబర్ 24న స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం చాలా ఊళ్ల పేర్లు మార్చింది. బ్రోకెన్ హిల్ కాబ్వే అయింది, ఫోర్ట్ జేమ్సన్ చిపాటా అయింది. లివింగ్‌స్టన్ మాత్రం అట్లాగే ఉంది. ఎందుకని అక్కడి గైడును అడిగాను. "ఆయన బానిసల వ్యాపారానికి ఎదురు నిలిచాడు, అందుకే ఉంచాం" అన్నాడు.

ఇంటికి వచ్చాక మా చరిత్ర సార్‌కు ఇదంతా చెప్పాను. ఆయన "మరి నాసిక్ సంగతి తెలుసా?" అన్నారు. నాకు తెలియదు. లివింగ్‌స్టన్ 1864లో చిన్న ఓడలో హిందూ మహాసముద్రం దాటి బొంబాయి వచ్చాడు. అతనితో వచ్చిన చుమా అనే కుర్రవాడిని అక్కడి బడిలో చేర్చాడు. సూసీ అనే అతను రేవులో పని చేశాడు. ఆ రోజుల్లో బానిసల ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికా పిల్లల కోసం నాసిక్ దగ్గర శరణ్‌పూర్‌లో ఒక బడి ఉండేది. అక్కడ చదువుకున్న జేకబ్ వెయిన్‌రైట్ తర్వాత లివింగ్‌స్టన్ బృందంలో చేరాడు.

1873 మే 1న ఇప్పటి జాంబియాలోని చితాంబో గ్రామంలో లివింగ్‌స్టన్ చనిపోయాడు. సూసీ, చుమా, మిగతావాళ్లు ఆయన గుండెను అక్కడే ఒక చెట్టు కింద పాతిపెట్టారు. వెయిన్‌రైట్ ప్రార్థన చదివి, ఆ చెట్టు మీద అక్షరాలు చెక్కాడు. తర్వాత దేహాన్ని ఎండబెట్టి, గుడ్డలో, చెట్టు బెరడులో చుట్టి, నెలల తరబడి మోసుకుంటూ సముద్ర తీరానికి చేర్చారు. 1874 ఏప్రిల్‌లో లండన్‌లో జరిగిన అంత్యక్రియల్లో వెయిన్‌రైట్ ఉన్నాడు. మన మహారాష్ట్రలో చదువు నేర్చిన చెయ్యి ఆ చెట్టు మీద అక్షరాలు చెక్కిందని తెలిసి నాకు ఒళ్లు జలదరించింది. ఊరికి పేరు పెట్టింది ఒక్కరిదే. నడిచినవి మాత్రం ఎన్నో కాళ్లు.

ఈ పేర్ల సంగతి నన్ను ఎందుకు వదలట్లేదో నాకు తెలుసు. మా ముత్తాత మగ్గం పని కోసం కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ వచ్చాడు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. మా గల్లీకి ముసలివాళ్లు పిలిచే తెలుగు పేరు ఒకటుంది. బోర్డు మీద వేరే పేరుంది. మా తరగతిలో ఇప్పుడు మేము పద్నాలుగు మందిమి, కింది తరగతుల్లో ఇంకా తక్కువ. ముకుని గ్రామంలో నా వయసు అమ్మాయిని "జలపాతాన్ని ఏ పేరుతో పిలుస్తావు?" అని అడిగాను. "బడిలో ఒకటి, టూరిస్టులతో ఒకటి, మా అమ్మమ్మతో ఒకటి" అన్నది. నేనైనా అంతే చెప్పేదాన్ని. ఆ మూడో పేరు పిలిచేవాళ్లు ఉన్నన్నాళ్లే ఉంటుంది.

ఈసారి యూనిట్ టెస్టులో అదే ప్రశ్న వచ్చింది. "1855లో లివింగ్‌స్టన్‌కు అక్కడి ప్రజలు ఆ జలపాతాన్ని చూపించారు" అని రాశాను. సార్ మార్కు వేసి, పక్కన ఎర్ర సిరాతో "ఎవరు చూపించారు? పేర్లు కూడా రాయి" అని రాశారు. అందుకే ఇక్కడ రాశాను: జలపాతం దాకా మనుషులను ఇచ్చి పంపినవాడు సెకెలెటు; తర్వాతి ప్రయాణాల్లో వెంట నడిచినవాళ్లు సూసీ, చుమా, జేకబ్ వెయిన్‌రైట్.

– పదో తరగతి విద్యార్థిని, సోలాపూర్