అనుదిన విశ్వాసం: మన్నా నుంచి గోదావరి డెల్టా దాకా

దేవుణ్ణి నమ్మడమంటే సంఘమంతా కలిసి పలికే విశ్వాసప్రమాణాన్ని అంగీకరించడం ఒక్కటే కాదని, ఆనాటి తిండికీ బట్టకూ ఆయనపైనే ఆధారపడడం కూడా అందులో భాగమేనని క్రైస్తవ సంప్రదాయం మొదటినుంచీ బోధిస్తూ వచ్చింది. ఈ అనుదిన విశ్వాసపు చరిత్రను పరిశీలిస్తే, రేపటిని దేవునికి అప్పగించడం నిలకడగా సాగిన చోట నేటి శ్రమా, పొరుగువారితో పంచుకోవడమూ దానికి తోడుగా నిలిచాయని స్పష్టమవుతుంది.

దీని మూలం నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఉంది. అరణ్యంలో ఆకలిగొన్న ఇశ్రాయేలీయులు మన్నాను తలకు ఒక ఓమెరు చొప్పున, అంటే ఒక మనిషికి ఒక దినానికి సరిపడే కొలత చొప్పున, ఏరుకోవలసి వచ్చింది. ఆజ్ఞ మీరి మరునాటికి దాచుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతిదినం కోసం ముందునాడు రెండింతలు కూర్చుకొన్నది మాత్రం చెడలేదు. ఇచ్చినవాడు దేవుడే అయినా, ఎండ ముదరక ముందే లేచి ఏరుకోవలసిన వారు మనుషులే. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం కోసం చేసే విన్నపం ఈ అనుభవాన్నే తలపిస్తుంది. తొలి సంఘాల ఆచారాలను తెలిపే డిడాకే అనే చిన్న గ్రంథం ఆ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయాలని నిర్దేశించడంతో అది నిత్యాభ్యాసమైంది.

ఈజిప్టు ఎడారి సన్యాసి అంతోని (సుమారు 251–356) ఈ బోధను అక్షరాలా పాటించాడు. అథనాసియస్ రాసిన జీవితచరిత్ర ప్రకారం, ఆస్తి పంచిపెట్టాక చెల్లెలి కోసం కొంత ఉంచుకొన్న అంతోని, రేపటిని గూర్చి చింతించవద్దన్న సువార్త వాక్యాన్ని ఆలయంలో విని, ఆ మిగిలినదీ బీదలకు ఇచ్చి, చెల్లెలిని విశ్వాసులైన కన్యల సంరక్షణలో ఉంచాడు. ఆపైన చేతిపని చేసి, వచ్చినదానిలో కొంత తన రొట్టెకూ తక్కినది బీదలకూ వెచ్చించాడు. అయితే అదే వాక్యాన్ని ఆసరా చేసుకొని పని మానుకొన్నవారూ లేకపోలేదు. విత్తని, కోయని ఆకాశపక్షులను ఉదాహరించి కార్తేజులోని కొందరు సన్యాసులు శ్రమను నిరాకరించగా, వారికి సమాధానంగా అగస్టీన్ సుమారు 400లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు నియమావళి ప్రార్థననూ చేతిపనినీ ఒకే దినచర్యలో ఇమిడ్చి ఈ వివాదానికి ఆచరణలో పరిష్కారం చూపింది.

మఠాలకు వెలుపలి గృహస్థులకు ఈ అభ్యాసాన్ని వివరించిన వారిలో మార్టిన్ లూథర్ ముఖ్యుడు. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో ఆయన అనుదినాహారమంటే అన్నవస్త్రాలే కాక ఇల్లు, కుటుంబం, మంచి ప్రభుత్వం, అనుకూల వాతావరణం, నమ్మకమైన ఇరుగుపొరుగు కూడానని చెప్పాడు. ఆ తరువాతి శతాబ్దంలో పారిస్ కార్మెలైట్ మఠపు వంటశాలలో పనిచేసిన బ్రదర్ లారెన్స్, గిన్నెల మధ్యనే దేవుని సన్నిధిని అనుభవించడం సాధ్యమని తన జీవితంతో చూపాడు.

జర్మనీలోని హాలే నగరంలో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే 17వ శతాబ్దం చివర స్థాపించిన అనాథాశ్రమం ఈ చరిత్రలో మరో మలుపు. అదే నగరంలో చదివి, ఫ్రాంకే జీవితంతో ప్రేరణ పొందిన జార్జ్ ముల్లర్ 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమం తెరిచాడు. మనుషులను విరాళం అడగకుండా, అప్పు చేయకుండా, అవసరాలను దేవునికి మాత్రమే విన్నవించుకోవాలన్నది ఆయన నియమం. అయినా లెక్కల విషయంలో ఆయన ఎంతో కచ్చితంగా ఉండేవాడు. డబ్బుతోపాటు పళ్లేలు, గిన్నెల వంటి కానుకలను సైతం తేదీలతో నమోదు చేసి, దాతల పేర్లు బయటపెట్టకుండా వార్షిక నివేదికలు అచ్చువేయించాడు. 1870 నాటికి యాష్లీ డౌన్‌లోని ఐదు భవనాల్లో 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడింది.

ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ దంతవైద్య వృత్తిని వదులుకొని మిషనరీ అయినవాడు. తెలుగునేలకు ఈ ధార ఆయన ద్వారానే చేరింది. 1836లో ఆయనతో భారతదేశానికి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు మిషన్ బోర్డు జీతం లేకుండానే నరసాపురం ప్రాంతంలో స్థిరపడి, గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ఇరవయ్యో శతాబ్దంలో హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పనిచేసిన భక్తసింగ్ కూడా విదేశీ మిషన్ జీతంపై ఆధారపడకుండా విశ్వాస సేవ సాగించాడు. ఆయన జరిపిన మహాసభల్లో వేలాదిమంది కులభేదం లేకుండా ఒకే పంక్తిలో ప్రేమవిందు ఆరగించేవారు.

జీతం, పొదుపు, బీమా ఉన్న నేటి కుటుంబాలకు ఈ అభ్యాసం కాలం చెల్లినదిగా తోచవచ్చు. కాని విశ్రాంతిదినానికి రెండింతలు కూర్చుకొమ్మని చెప్పిన గ్రంథం ముందుచూపును తప్పుపట్టలేదు. దురాశనూ, దేవుణ్ణి మరపించే భయాన్నీ మాత్రమే తప్పుపట్టింది. కాబట్టి విశ్వాసం పేరిట పని మానిపించే బోధనూ, కానుక ఇస్తే సంపద ఖాయమని ఆశచూపే బోధనూ విశ్వాసులు ఈ చరిత్ర వెలుగులో పరీక్షించి చూడాలి. ఉదయం ప్రార్థించి, పగలు నిజాయితీగా శ్రమించి, చేతికి అందినదానిలో లేనివారికి వాటా ఇవ్వడమే అంతోని నుంచి ముల్లర్ దాకా నిలిచిన మార్గం, నేటికీ ఏ ఇంట్లోనైనా ఆచరించదగిన మార్గం.